ఆడలేకనా? మద్దెల ఓడా?



తెలుగు తరగతిలో సామెతల పాఠం వచ్చినప్పుడల్లా మేము తప్పకుండా చెప్పే సామెత ఒకటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. తనకు చేతకాక, తప్పును పనిముట్టు మీదికి నెట్టేవాడిని గురించి పెద్దలు చెప్పిన మాట ఇది. ఈ సామెతను మేము ఒకసారి తప్పు చోట వాడాం. ఆ తప్పు ఒప్పుకోవడానికీ, దాని తర్వాత బేస్ గిటార్ గురించి తెలుసుకున్న నాలుగు సంగతులు మీకు చెప్పడానికీ ఈ వ్యాసం రాస్తున్నాం.

మూడు బదిలీల కిందటి మాట. మేము పనిచేసిన పాఠశాలలో వాద్యబృందం బాధ్యత సంగీతం మాస్టారితో పాటు మాకూ అప్పగించారు. రెండు గిటార్లు, ఒక కీబోర్డు, డ్రమ్ములు, ఒక బేస్ గిటార్ ఉండేవి. బేస్ వాయించేది తొమ్మిదో తరగతి అబ్బాయి. వార్షికోత్సవానికి నెల రోజులుందనగా సాధన మొదలైంది. బేస్ సరిగ్గా వినపడేది కాదు. వినపడినప్పుడు పగిలిన కుండలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గరగరలాడేది.

"గట్టిగా మీటు నాన్నా" అన్నాం.

"గట్టిగానే మీటుతున్నాను మేడమ్. గిటార్‌లోనే ఏదో ఉంది" అన్నాడు.

అప్పుడు మేము నవ్వుతూ ఆ సామెత చెప్పాం. హిందీ పిల్లలకు అర్థం కాదేమోనని, నాచ్ న జానే ఆంగన్ టేఢా అని హిందీలో కూడా చెప్పాం. గదిలో అందరూ నవ్వారు. వాడు మాత్రం తల వంచుకుని తీగలు తుడుచుకున్నాడు. వార్షికోత్సవం రోజు వేదిక మీద ఒక మూలన నిలబడి, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా వాయించాడు. మార్చిలో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. వాడు వెళ్లిపోయాడు.

వేసవి సెలవుల తర్వాత ఆ గిటార్ మరో అమ్మాయి చేతికి వచ్చింది. మళ్లీ అదే గరగర. ఈసారి మాస్టారికి అనుమానం వచ్చింది. ఆయన హార్మోనియం, తబలా మనిషి. అయినా గిటార్ బోర్లా తిప్పి, వెనక ఉన్న చిన్న మూత విప్పి చూశారు. లోపల ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఎప్పటిదో, అంచుల్లో తెల్లటి పొడి పట్టి ఉంది. ఆ గిటార్‌లో బ్యాటరీ ఉంటుందన్న సంగతే మాకెవరికీ తెలియదు. నాలుగు సమోసాల ఖర్చుతో కొత్త బ్యాటరీ వేశాం. ఆ అమ్మాయి ఒక్క తీగ మీటగానే గది కిటికీలు గుయ్‌మన్నాయి.

మద్దెల నిజంగానే ఓడు. ఆ మాట చెప్పిన పిల్లవాడు మాత్రం అప్పటికి వేరే రాష్ట్రంలో, వేరే బడిలో ఉన్నాడు.

అప్పటి నుంచి ఏ పాఠశాలకు వెళ్లినా వాద్యాల గదిలోకి తొంగి చూడటం మాకు అలవాటైంది. పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, బేస్ బాగా వినపడాలంటే ఏం కొనాలి?" దీనికి రెండు రకాల జవాబులు వింటుంటాం. అంతా చేతివేళ్లలోనే ఉందనేది ఒకటి. మంచి సామాను కొంటే తప్ప శబ్దం రాదనేది రెండోది. రెండూ సగం నిజాలేనని మా అభిప్రాయం. సామాను ముఖ్యమే. కానీ అన్నీ సమానంగా ముఖ్యం కాదు, వాటికొక వరుస ఉంది. మనబోటి మూడేళ్లకోసారి ఇల్లు సర్దుకునే వాళ్లకు ఆ వరుస తెలియడం మరీ అవసరం. ఎందుకంటే ప్రతి వస్తువుకూ డబ్బే కాదు, లారీలో చోటు కూడా లెక్క చూసుకోవాలి.

ముందు బేస్ చేసే పని ఏమిటో చూద్దాం. మన సంగీతంలో శ్రుతిని తల్లి అన్నారు, లయను తండ్రి అన్నారు. మన కచేరీలో శ్రుతిని తంబురా, లయను మృదంగం చూసుకుంటాయి. వాద్యబృందంలో ఆ రెంటినీ ఒక చేత్తో పట్టుకుని నడిపేది బేస్ గిటార్. దాని నాలుగు తీగలు మామూలు గిటార్‌లోని కింది నాలుగు స్వరాల కంటే ఒక స్థాయి కిందికి పలుకుతాయి. అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మిగిలినవి 55, 73, 98 సార్లు. అంత మంద్రమైన శబ్దాన్ని ఫోను స్పీకరు పలికించలేదు. అందుకే ఫోనులో పాట వింటే బేస్ ఉన్నట్టే అనిపించదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇళయరాజా స్వరపరిచిన ఏ పాటైనా వినండి. గొంతును వదిలేసి, కింద నడిచే బేస్‌ను మాత్రమే పట్టుకుని కూనిరాగం తీయండి. ఆ పాటలో మరో పాట ఉన్నట్టు తెలుస్తుంది.

ఇక వరుస. మొదటిది చెయ్యే. ఇందులో మాకు సందేహం లేదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే రికార్డుల సంస్థ ఉండేది. 1960లలో అక్కడ తయారైన ఎన్నో పాటలకు బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ ప్రిసిషన్ బేస్. పెడల్స్ లేవు, పెట్టెలకు పెట్టెలు సామాను లేదు. చాలాసార్లు గిటార్ తీగను నేరుగా రికార్డింగ్ బల్లకే కలిపేవారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. అంత వాయించినా చాలా ఏళ్లు రికార్డుల అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే రికార్డు ఒకటి వచ్చినప్పుడు దాని మీద వాద్యకారుల పేర్లలో జేమర్సన్ పేరు వేశారు. పేరు తెలియని వాళ్లు కూడా ఆ వేలిని మాత్రం గుర్తుపట్టేవారు.

చెయ్యి అంటే వేగం అనుకోకండి. మూడు చిన్న అలవాట్లు చాలు. ఎడమచేతి వేలు మెట్టు మీద కాకుండా, మెట్టుకు కాస్త వెనక, దాదాపు ఆనుకుని నొక్కాలి. దూరంగా నొక్కితే తీగ గరగరమంటుంది. వాయించని తీగలను ఏదో ఒక వేలితో తాకి ఉంచాలి. లేకపోతే అవీ పక్క తీగతో కలిసి మోగుతూ బురదగా తయారవుతుంది. మూడోది, స్వరాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసినట్టే, ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. మీటే చోటు కూడా మార్చి చూడండి. బ్రిడ్జ్ దగ్గర మీటితే శబ్దం గట్టిగా, పదునుగా ఉంటుంది. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే రెండు వేర్వేరు గిటార్లు ఇవి.

రెండోది తీగలు, సెటప్. సామానులో మొదటి స్థానం మేము దీనికే ఇస్తాం. చాలామంది దీన్ని సామాను కింద లెక్కే వేయరు. మన బొబ్బిలి వీణ తెలుసు కదా. పనసకర్రతో చేసే ఆ వీణ మీద 24 మెట్లను మైనంలో కూర్చి, ఒక్కో మెట్టును స్వరానికి సరిగ్గా నిలబెడతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. ఎంత మంచి కర్ర అయినా మేళం సరిగ్గా కట్టకపోతే ఆ వీణ పలకదు. బేస్‌కు సెటప్ కూడా అలాంటిదే. మెడ ఎంత వంగి ఉంది, తీగలు మెట్ల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి, పై మెట్లలో కూడా స్వరం శ్రుతిలోనే ఉందా, ఈ మూడింటినీ సరిచేయడమే సెటప్.

ఇది మిగతా పిల్లల కంటే మనకు ఎక్కువ అవసరం. గిటార్ మెడ కర్ర. కర్రకు గాలిలోని తేమతో సంబంధం తెగదు. రాజస్థాన్ ఎడారి అంచు నుంచి అస్సాంకు బదిలీ అయితే మనకు చెమట పట్టినట్టే, కర్ర ఉబ్బుతుంది. మెడ ముందుకు వంగి తీగలు ఎత్తుకు లేస్తాయి. నొక్కడానికి వేళ్లు నొప్పి పుడతాయి. అదే తేమ ఉన్న చోటు నుంచి పొడి చోటుకు వెళితే కర్ర కుంచించుకుంటుంది. తీగలు మెట్లకు తగిలి గరగరమంటాయి. ఒక్కోసారి మెట్ల కొనలు అంచు దాటి అరచేతికి గీరుకుంటాయి. విశాఖ లాంటి తీరంలో తీగలకు ఉప్పుగాలి తగిలి త్వరగా తుప్పు పడుతుంది. పోయిన బడిలో బాగా వాయించిన పిల్ల కొత్త బడిలో ఒక్కసారిగా వాయించలేకపోతే, దిగులుతో చేతకాక పోయిందనుకుంటాం. కొన్నిసార్లు కారణం దిగులే. కొన్నిసార్లు మాత్రం గిటార్ మెడ.

చూసుకోవడం కష్టం కాదు. లావు తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, మెడ శరీరంతో కలిసే చోట మరో చేత్తో నొక్కి పట్టండి. మధ్యలో, అంటే ఏడెనిమిది మెట్ల దగ్గర, తీగకూ మెట్టుకూ మధ్య పలుచని విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే బాగున్నట్టే. చాలా ఎక్కువ ఉన్నా, అసలు లేకపోయినా మెడలో ఉన్న ట్రస్ రాడ్‌ను సరిచేయాలి. మొదటిసారి తెలిసినవాళ్ల ఎదుటే చేయండి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. తిప్పాక ఒక రోజు ఆగి చూడండి. శ్రుతి సంగతి ఇంకా తేలిక. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా తాకి మీటితే గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటండి. రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కినప్పుడు స్వరం ఎక్కువ చూపితే బ్రిడ్జ్ మీద తీగ కూర్చున్న ముక్కను వెనక్కి, తక్కువ చూపితే ముందుకు జరపాలి.

తీగల్లో రెండు రకాలు ముఖ్యం. పైన గుండ్రని తీగ చుట్టినవి వేలికి గరుకుగా ఉంటాయి, శబ్దం మెరుస్తూ ఉంటుంది. చదునైన పట్టీ చుట్టినవి నున్నగా ఉంటాయి, శబ్దం మెత్తగా, పాతకాలపు పాటల్లా ఉంటుంది. జేమర్సన్ వాడింది నున్నటివే. మా అనుభవంలో గిటార్ మార్చడం కంటే తీగల రకం మార్చడం వల్లనే శబ్దంలో ఎక్కువ తేడా కనిపించింది. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగలు తుడిస్తే అవి ఇంకా కొన్ని నెలలు మన్నుతాయి.

మూడోది యాంప్లిఫయరు, దాన్ని పెట్టే చోటు. మన చెవి మంద్ర శబ్దాలను సన్నని శబ్దాలంత సులువుగా పట్టుకోదు. అందుకే గిటార్‌కు సరిపోయే శక్తి బేస్‌కు చాలదు. గదిలో ఒక్కరే సాధన చేసుకోవడానికి 15 వాట్ల చిన్న యాంప్ సరిపోతుంది, డ్రమ్ముల పక్కన మాత్రం మూగదే అవుతుంది. అప్పుడు దాన్ని చివరిదాకా తిప్పి గొంతు చించుకునేలా చేయడం కంటే, బడిలో ఉన్న మైకు మిక్సరుకు డీఐ పెట్టె ద్వారా కలపడం మంచిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇప్పటి పాఠశాలలో మొన్నటి వార్షికోత్సవానికి ముందు పదకొండో తరగతి విద్యార్థి ఒక జాబితా తెచ్చాడు. కొత్త గిటార్, రెండు పెడల్స్, ఖరీదైన కేబుల్. వాళ్ల నాన్నగారు ఒప్పుకున్నారట. "శబ్దం ఎలా ఉందని కొంటున్నావు?" అని అడిగాం. "గుడగుడమంటోంది మేడమ్, ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే యాంప్ వేదిక మీద గోడ మూలకు ఆనించి ఉంది. వేదిక లోపల డొల్ల, పైన చెక్క. బేస్ అని రాసి ఉన్న మీట చివరిదాకా తిప్పి ఉంది. మూల గోడలు మంద్రాన్ని పెంచుతాయి, డొల్ల వేదిక తనూ మోగుతుంది, మీట దాన్ని ఇంకా పెంచుతోంది. యాంప్‌ను ముందుకు జరిపి, కుర్చీ మీద ఎత్తుకు పెట్టించాం. బేస్ మీట తగ్గించి, మధ్య శబ్దాల మీట కాస్త పెంచమన్నాం. గదిలో ఒక్కడే వాయిస్తే ఆ శబ్దం వాడికి మొదట నచ్చలేదు. డ్రమ్ములు, గిటార్లు కలిశాక మాత్రం ప్రతి స్వరం విడివిడిగా వినపడింది. ఒంటరిగా బాగున్న శబ్దం వేరు, పదిమందిలో నిలిచే శబ్దం వేరు. జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరికి కొన్నది ఒక సెట్టు తీగలు మాత్రమే.

నాలుగోది పికప్, దాని లోపలి విద్యుత్తు. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది పికప్. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రిసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్, ఈ రెండింటి పికప్‌లు వేరు, శబ్దాలూ వేరు. తేడా ఉందని మేమూ ఒప్పుకుంటాం. కానీ తీగలు, మెడ, యాంప్ సరిగ్గా లేని చోట ఆ తేడా వినపడదు. బ్యాటరీ ఉన్న రకమైతే ఒక జాగ్రత్త. చాలా గిటార్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం ఆపగానే కేబుల్ తీసేయండి. మా పాత బడిలో ఆ గిటార్‌కు రాత్రింబవళ్లు కేబుల్ గుచ్చే ఉండేది.

కర్ర రకం, కంపెనీ పేరు, పెడల్స్, ఇవన్నీ ఆ తర్వాత. పెడల్స్ పనికిరావని కాదు. కూరలో కొత్తిమీర లాంటివి. కూర ఉడకకుండా కొత్తిమీర చల్లి లాభం లేదు. పేరు సంగతి అంటారా, బీటిల్స్‌కు చెందిన పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో హాఫ్నర్ కంపెనీ బేస్ కొన్నాడు. ఫెండర్ కొనే స్తోమత లేక దాన్ని కొన్నాడు. ధర సుమారు 30 పౌండ్లు. వాయులీనం ఆకారంలో, తేలికగా, మామూలు 34 అంగుళాలకు బదులు 30 అంగుళాల తీగ పొడవుతో ఉండేది. ఆ గిటార్‌తోనే ప్రపంచమంతా ఆయన్ని గుర్తుపట్టింది. మీలో చేతులు చిన్నవిగా ఉన్నవాళ్లు పొట్టి బేస్ ఎంచుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

మా మాటకు ఎదురు మాట ఉంటుందని తెలుసు. మరీ నాసిరకం గిటార్‌కు ఎంత సెటప్ చేసినా పలకదని సంగీతం తెలిసిన మిత్రులు అంటారు. నిజమే. మెడ మెలి తిరిగినా, మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నా, చెవులు శ్రుతి నిలపకపోయినా అది మార్చవలసిన గిటారే. పిల్లవాడిని దాంతో కుస్తీ పట్టించడం అన్యాయం. మేము అనేది, ఆ నిర్ణయానికి వచ్చే ముందు వరుసగా చూసుకుంటూ రమ్మని. ఖర్చు లేనిది ముందు, ఖర్చు ఎక్కువైనది చివర.

మరి మనలాంటి వాళ్లు సొంతంగా ఏం ఉంచుకోవాలి? మోసుకుపోగలిగినవి. కుదిరితే సొంత గిటార్. అది సుమారు నాలుగు కిలోలు, నాలుగడుగుల లోపు పొడవు, రైలు బెర్తు మీద మీ పక్కన పడుకుంటుంది. ఒక మంచి కేబుల్, ట్యూనర్, ఒక సెట్టు అదనపు తీగలు, ట్రస్ రాడ్‌కు సరిపోయే తాళంచెవి, పొడిగుడ్డ, రాత్రి పక్క క్వార్టర్ వాళ్లకు ఇబ్బంది లేకుండా వాయించుకోవడానికి హెడ్‌ఫోన్. బరువైన యాంప్ బడిదిగానే ఉండనివ్వండి. ప్రయాణానికి ముందు తీగలను కాస్త వదులు చేయండి. కొత్త ఊరు చేరగానే వాయించాలని తొందరపడకండి. పెట్టె తెరిచి రెండు మూడు రోజులు ఆ గాలి అలవాటు కానివ్వండి. తర్వాత మెడ చూసుకోండి.

పెద్దలకు కూడా ఒక మాట, ముందుగా మాకు మేమే చెప్పుకుంటున్నాం. బదిలీ పిల్లలు ప్రతి బడిలో కొత్తవాళ్లే. కొత్తవాడు ఏదైనా సరిగ్గా లేదని చెబితే, వాడు సాకు చెబుతున్నాడని అనుకోవడం మనకు సులువు. వాడికి సాక్ష్యం చెప్పే పాత స్నేహితుడు కూడా ఆ గదిలో ఉండడు. చేతిని తప్పుపట్టే ముందు మూత విప్పి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు మేము ఇవ్వలేదు.

మీ అమ్మానాన్నలు బదిలీ అయినప్పుడు చార్జ్ అప్పగించి వెళతారు కదా. తర్వాత వచ్చేవారికి ఏది ఎక్కడుందో రాసి, సంతకం పెట్టి వెళతారు. ఇప్పుడు మేము పనిచేసే పాఠశాలలో బేస్ గిటార్ పెట్టెలో ఒక అట్టముక్క ఉంచాం. బ్యాటరీ ఎప్పుడు మార్చారు, తీగలు ఎప్పుడు వేశారు, మెడ ఎప్పుడు సరిచేశారు, వాయించింది ఎవరు అని అందులో రాస్తారు. ఇప్పటికి నలుగురి పేర్లు ఉన్నాయి. అందులో ముగ్గురు ఇప్పుడు ఇక్కడ లేరు. మీ బడిలో కూడా అలాంటి అట్ట ఒకటి పెట్టండి.

ఆనాటి తొమ్మిదో తరగతి అబ్బాయి ఇప్పుడు కాలేజీలో ఉండి ఉంటాడు. ఈ పత్రిక వాడి కంట పడుతుందో లేదో తెలియదు. పడితే చదువుకోవాలని ఈ చివరి వాక్యం రాస్తున్నాం. నాన్నా, నువ్వు చెప్పింది నిజమే, లోపం గిటార్‌లోనే ఉంది.